వేగం తగ్గిస్తే ముందుకు పోయే చోటు: ఉపగ్రహాల తలకిందుల లెక్క

1965 జూన్ 3న అమెరికా మానవసహిత నౌక జెమినీ-4 కక్ష్యలోకి చేరగానే కమాండర్ జేమ్స్ మెక్‌డివిట్ చేయాల్సిన మొదటి పని చూడటానికి చాలా చిన్నది. తమను పైకి మోసుకొచ్చిన టైటాన్ రాకెట్ రెండో దశ దగ్గర్లోనే తిరుగుతోంది. దాని పక్కకు వెళ్ళి నిలవాలి. ఆయన నౌక ముక్కును దానివైపు తిప్పి థ్రస్టర్లు, అంటే నౌకను నెట్టే చిన్న ఇంజిన్లు, వెలిగించాడు. దగ్గరవాల్సింది కాస్తా దూరమైంది. ఇంకొంచెం తోశాడు, ఇంకా దూరమైంది. ఇంధనం కరిగిపోతుంటే చివరికి ఆ ప్రయత్నమే మానుకోవాల్సి వచ్చింది.

మెక్‌డివిట్ కొరియా యుద్ధంలో విమానాలు నడిపినవాడు, ఆపైన టెస్ట్ పైలట్. గాలిలో అయితే ఆయన చేసింది సరైన పనే. కక్ష్యలో మాత్రం ముందున్నదాన్ని అందుకోవాలంటే మొదట వేగం తగ్గించుకోవాలి. ఉపగ్రహాల శాస్త్రం నిండా ఇలాంటి తలకిందులే. గాలి అడ్డుపడితే ఉపగ్రహం జోరు పెరుగుతుంది. తూర్పుకు లాగితే పడమటికి జరుగుతుంది. వెలుతురు తగిలి కక్ష్య మారిపోతుంది. నేలమీద మనం లెక్కలోకే తీసుకోని అతి చిన్న బలాలు అక్కడ ఏళ్ళ తరబడి ఆగకుండా పనిచేస్తాయి. రాకెట్ నిప్పులు కక్కుతూ ఎగిరే పదిహేను ఇరవై నిమిషాలు టీవీలో అందరం చూస్తాం. ఉపగ్రహం ఎన్నాళ్ళు బతుకుతుందో, ఎక్కడికి చేరుతుందో తేల్చేవి ఆ తర్వాత పనిచేసే ఈ చిన్న బలాలే.

పైన గురుత్వాకర్షణ ఉండదనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కి.మీ. ఎత్తులో భూమి లాగుడు నేలమీద ఉన్నదానిలో దాదాపు 89 శాతం ఉంటుంది. అక్కడి వస్తువు ఎప్పుడూ కింద పడుతూనే ఉంటుంది. కాకపోతే అడ్డంగా సెకనుకు 7.67 కి.మీ. వేగంతో పోతుంది కాబట్టి, అది ఎంత పడితే గుండ్రటి భూమి కూడా దాని కింద అంతే వంగిపోతుంది. ఈ వేగం మనం కోరుకున్నంత పెట్టుకునేది కాదు. గుండ్రటి కక్ష్యకు ఎత్తు ఎంతో చెబితే వేగం దానంతటదే తేలిపోతుంది: 200 కి.మీ. దగ్గర సెకనుకు 7.79 కి.మీ., 800 దగ్గర 7.45, 35,786 దగ్గర 3.07. ఉపగ్రహం బరువుతో దీనికి సంబంధం లేదు. పైకి పోయేకొద్దీ నెమ్మది, కిందికి వచ్చేకొద్దీ జోరు.

మెక్‌డివిట్ సమస్యను అంకెల్లో పెట్టి చూద్దాం. 400 కి.మీ. గుండ్రటి కక్ష్యలో మీరున్న నౌకకు 10 కి.మీ. ముందు మరో నౌక ఉంది. మీరు ముందుకు తోసుకుంటే అవతలి వైపు మీ కక్ష్య పైకి లేస్తుంది, చుట్టు పెద్దదవుతుంది, తిరిగి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. అంటే వెనకబడతారు. అలా కాకుండా వెనక్కి తోసి, సెకనుకు 28 సెంటీమీటర్ల వేగం తగ్గించుకోండి. సగం చుట్టు, అంటే 46 నిమిషాలు, గడిచేసరికి 1 కి.మీ. కిందికి దిగి ఉంటారు. అక్కడ మరో 28 సెంటీమీటర్లు తగ్గిస్తే ఆ ఎత్తులోనే గుండ్రటి కక్ష్య స్థిరపడుతుంది. రెండుసార్లూ బ్రేకే వేశారు, మొత్తం 57 సెంటీమీటర్ల దాకా తగ్గించుకున్నారు. అయినా ఇప్పుడు మీ వేగం మొదటికన్నా 57 సెంటీమీటర్లు ఎక్కువ. దిగేటప్పుడు గురుత్వాకర్షణ అందించిన వేగం మీరు వదులుకున్నదానికి రెట్టింపు కావడమే కారణం. ఇక చుట్టుకు 9.4 కి.మీ. చొప్పున ముందుకు జరుగుతారు. ముందున్న నౌకకు సరిగ్గా కిందికి చేరుకోబోయే ముందు మళ్ళీ రెండు తోపులతో పైకి లేస్తే పక్కపక్కన ఉంటారు.

1965 డిసెంబరు 15న జెమినీ-6ఏ ఇదే పద్ధతిలో కింది కక్ష్య నుంచి తరుముకొచ్చి జెమినీ-7కు 30 సెంటీమీటర్ల దాకా దగ్గరైంది. ఇస్రో 2024 డిసెంబరు 30న పంపిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న అతుక్కోవడానికి రెండు వారాలకు పైగా పట్టింది కూడా ఇందుకే. 15 మీటర్ల దగ్గర ఆగి, 3 మీటర్ల దాకా వెళ్ళి చూసి, మళ్ళీ వెనక్కి జరిగి, డేటా పరిశీలించుకుని, అప్పుడు కలిపారు. ఇక్కడ తొందరపడి నేరుగా తోస్తే దక్కేది మెక్‌డివిట్‌కు దక్కిన ఫలితమే.

గాలి అడ్డుపడితే పెరిగే జోరు

అంతరిక్షం ఎక్కడ మొదలవుతుందంటే 100 కి.మీ. అని చెబుతారు. గాలి మాత్రం ఆ గీత దగ్గర ఆగిపోదు. 400 కి.మీ. ఎత్తులో కూడా పలచటి గాలి రాపిడి వల్ల అంతరిక్ష కేంద్రం నెలకు సుమారు 2 కి.మీ. దిగిపోతుంటుంది. అప్పుడప్పుడు ఇంజిన్లు వెలిగించి పైకి లేపకపోతే అది మిగలదు. ఇలా దిగేటప్పుడు స్థితిశక్తి ఎంత పోతుందో, అందులో సగాన్ని గాలి వేడిగా లాగేసుకుంటుంది, మిగతా సగం ఉపగ్రహానికే వేగంగా తిరిగి దక్కుతుంది. బ్రేకు పడినకొద్దీ బండి వేగం పుంజుకోవడం వింతగా అనిపించవచ్చు. పైన రెండు తోపుల లెక్కలో జరిగినదే ఇక్కడ చుక్కచుక్కగా జరుగుతోంది.

మొట్టమొదటి ఉపగ్రహమే ఈ పాఠం చెప్పింది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ పంపిన స్పుత్నిక్-1, 58 సెంటీమీటర్ల వెడల్పు, 83.6 కిలోల బరువున్న గోళం. బరువులో సగానికి పైగా బ్యాటరీలే. భూమికి దగ్గరైనప్పుడు 215 కి.మీ., దూరమైనప్పుడు 939 కి.మీ. ఎత్తులో తిరిగేది. ఆ రోజుల్లో ఆకాశంలో స్పుత్నిక్‌ను చూశామన్నవాళ్ళలో చాలామంది చూసింది గోళాన్ని కాదు, దాని వెంట కక్ష్యలోకి చేరిన రాకెట్ చివరి భాగాన్ని. అది పెద్దది, వెలుగు బాగా తిప్పికొట్టేది. ఆ సైజుకు తగ్గ బరువు లేకపోవడంతో డిసెంబరు మొదట్లోనే వాతావరణంలోకి పడిపోయింది. గట్టిగా మూటగట్టినట్టున్న చిన్న గోళం 1958 జనవరి 4 దాకా నిలిచింది. ఒకే కక్ష్యలో వదిలిన రెండింటికి రెండు ఆయుష్షులు. బరువుకు ఎంత వైశాల్యం గాలికి ఎదురుగా ఉందన్నదే తేడా. అవి చుట్టు తిరిగే సమయం రోజురోజుకూ ఎంత తగ్గుతోందో కొలిచి, పై వాతావరణం తాము అనుకున్నదానికన్నా చిక్కగా ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు. గోళంలో ఆ పనికి ప్రత్యేక పరికరమేదీ లేదు. పడిపోవడమే దాని కొలత.

ఆ గాలి చిక్కదనం స్థిరంగా ఉన్నా లెక్క సులువయ్యేది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, సౌర తుఫాన్లు పై వాతావరణాన్ని వేడెక్కిస్తే అది ఉబ్బి పైకి లేస్తుంది. సుమారు 11 ఏళ్ళ సౌరచక్రం ఉచ్చదశకు వచ్చినప్పుడు అదే ఎత్తులో గాలి ఎన్నో రెట్లు చిక్కబడుతుంది. 1973 మే 14న అమెరికా పంపిన స్కైలాబ్ ఈ దెబ్బకే పడింది. సుమారు 77 టన్నుల ఆ కేంద్రం 1980ల దాకా నిలుస్తుందనీ, ఆలోగా స్పేస్ షటిల్ వెళ్ళి దాన్ని పైకి నెడుతుందనీ నాసా అంచనా. సూర్యుడు అంచనాను మించి చురుకయ్యాడు, షటిల్ ఆలస్యమైంది.

1978లో ఇంజినీర్లు ఖాళీ కేంద్రాన్ని మళ్ళీ మేల్కొలిపి, గాలికి తక్కువ అడ్డుపడే భంగిమలో తిప్పిపెట్టి కొన్ని నెలలు సంపాదించారు. కానీ దాన్ని ఎక్కడ పడేయాలో ఎంచుకోగల ఇంజిన్ దానికి లేదు. చేతిలో ఉన్న ఒకే ఆయుధం భంగిమ. చివరి చుట్లలో దాన్ని పల్టీలు కొట్టేలా చేసి, గాలి పట్టును మార్చి, ఉత్తర అమెరికాను దాటించారు. 1979 జులై 11న ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. ఎస్పరెన్స్ పట్టణ పాలకమండలి చెత్త వేసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

ఆ నెలల్లో తెలుగు పల్లెల్లో పుట్టిన భయం గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎలాగూ పోతామని మేకలూ కోళ్ళూ కోసుకుతిన్నవాళ్ళున్నారు, ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ భయాన్ని అమాయకత్వం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు 50 డిగ్రీలు వాలి ఉండేది. అంటే 50 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య ఉన్న ప్రతి ఊరి మీదుగా అది వెళ్ళేది. ఎక్కడ పడుతుందో చివరి గంటల దాకా నాసాకే తెలియదు. భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో 1 వంతు అని వాళ్ళే లెక్కగట్టారు.

ఈ ప్రమాదం పాతబడిపోలేదు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను మొదట సుమారు 210 కి.మీ. ఎత్తులో వదిలింది. పాడైనవి ఏమైనా ఉంటే వెంటనే రాలిపోవాలన్నది అంత తక్కువ ఎత్తును ఎంచుకోవడంలో ఉద్దేశం. మరుసటి రోజు వచ్చిన ఓ మోస్తరు భూఅయస్కాంత తుఫానుకు గాలి ఉబ్బింది. పలకల్లా చదునుగా ఉన్న ఉపగ్రహాలను అంచు ఎదురుగా ఉండేలా తిప్పినా లాభం లేకపోయింది. 40 దాకా ఉపగ్రహాలు పైకి లేవలేక కాలిపోయాయి.

నాలుగు తీగలు తిప్పేసిన ఉపగ్రహం

చిన్న బలాలు బయటి నుంచే రావాలని లేదు, ఉపగ్రహం లోపలి నుంచీ రావచ్చు. 1958 జనవరి 31న అమెరికా పంపిన మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 సన్నటి పొడుగు గొట్టం: సుమారు 2 మీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, 14 కిలోల లోపు బరువు. గురి తప్పకుండా ఉండాలని నిమిషానికి 750 చుట్ల వేగంతో పొడుగు ఇరుసు చుట్టూ తిప్పి వదిలారు. కొద్ది గంటల్లోనే అది పొడుగు ఇరుసును వదిలేసి, మధ్యలో పట్టుకుని తిప్పిన కర్రలా అడ్డంగా గిరగిరా తిరగసాగింది.

దొరికిన దొంగలు నాలుగు తీగ యాంటెన్నాలు. బయటి నుంచి ఎవరూ తిప్పనప్పుడు వస్తువు కోణీయ ద్రవ్యవేగం, అంటే దాని తిరుగుడు మొత్తం, మారదు, శక్తి మాత్రం తగ్గవచ్చు. మెత్తటి తీగలు ఊగి, వంగి, ఆ కదలికను కొద్దికొద్దిగా వేడిగా మార్చేశాయి. కోణీయ ద్రవ్యవేగాన్ని అలాగే ఉంచుకుని తక్కువ శక్తితో తిరగాలంటే ఒక్కటే దారి: జడత్వ భ్రామకం ఎక్కువగా ఉన్న, అంటే బరువు ఎక్కువ దూరం పరుచుకున్న, ఇరుసు చుట్టూ తిరగడం. పొడుగు గొట్టానికి అది అడ్డం ఇరుసు. ఎక్కడా వంగని ఘనవస్తువుకు రెండు ఇరుసులూ స్థిరమైనవే అని పుస్తకాలు చెప్పిన మాట నిజమే. కానీ ఏ ఉపగ్రహమూ ఎక్కడా వంగని ఘనవస్తువు కాదు. తీగలుంటాయి, ట్యాంకుల్లో ఇంధనం అలలాడుతుంది. ఆ తర్వాత గిరగిరా తిప్పి నిలబెట్టిన ఉపగ్రహాలు ఎక్కువగా పొట్టి డప్పుల ఆకారంలోకి వచ్చాయి, ఎక్కువ జడత్వం ఉన్న ఇరుసు చుట్టూనే తిరిగేలా.

ఇదే ఎక్స్‌ప్లోరర్-1లో ఉన్న గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్‌ను లెక్కపెట్టే పరికరం, ఎత్తైన చోట్ల సున్నా చూపించింది. రేడియేషన్ లేక కాదు, పరికరం లెక్కపెట్టగలిగినదాన్ని మించిపోయి ఉక్కిరిబిక్కిరై. మార్చిలో ఎక్స్‌ప్లోరర్-3 టేప్ రికార్డర్‌తో వెళ్ళి, అంకె ఎగబాకి ఒక్కసారిగా సున్నాకు పడి మళ్ళీ లేవడాన్ని మొత్తంగా నమోదు చేసింది. భూమిని చుట్టి ఉన్న రేడియేషన్ పట్టీలు, వాన్ అలెన్ వలయాలు, అలా బయటపడ్డాయి.

వెలుతురు బరువు

సూర్యకాంతి తగిలిన ప్రతి వస్తువునూ తోస్తుంది. భూమి దగ్గర ఆ ఒత్తిడి చదరపు మీటరుకు ఒక న్యూటన్‌లో పది లక్షల వంతులు నాలుగున్నర. చేతికి తెలియనంత తక్కువ. 1958 మార్చి 17న వెళ్ళిన వాన్‌గార్డ్-1, 16.5 సెంటీమీటర్ల వెడల్పు, 1.47 కిలోల బరువున్న గోళం. సౌరఘటాలు మోసుకెళ్ళిన మొదటి ఉపగ్రహం అదే. 1964లో దాని రేడియో ఆగిపోయింది కానీ అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, కక్ష్యలో ఉన్న మానవ నిర్మిత వస్తువుల్లో అన్నిటికన్నా పాతది. మొదట దాని ఆయుష్షు 2,000 ఏళ్ళని లెక్కవేశారు. కాంతి ఒత్తిడినీ, సూర్యుడు చురుగ్గా ఉన్నప్పటి గాలి రాపిడినీ కలిపి చూశాక దాన్ని సుమారు 240 ఏళ్ళకు కుదించారు.

కాంతి తోపు కంటికి కనబడేంతగా బయటపడింది 1960 ఆగస్టు 12న ఎగరేసిన ఎకో-1తో. అది 30 మీటర్ల వెడల్పున్న తళతళలాడే ప్లాస్టిక్ బెలూన్, బరువు 70 కిలోల పైచిలుకు. రేడియో తరంగాలు దానికి కొట్టుకుని వెనక్కి రావాలి, అంతే దాని పని. అంత పెద్ద బెలూన్ మీద సూర్యకాంతి బలం గ్రాములో మూడో వంతు బరువంత. అయినా 70 కిలోల వస్తువుకు రోజంతా అలా తోపు పడితే సెకనుకు 4 మీటర్ల వేగమంత అవుతుంది. నెలలు గడిచేసరికి దాని భూసమీప బిందువు, అంటే కక్ష్యలో భూమికి అన్నిటికన్నా దగ్గరి చోటు, వందల కిలోమీటర్లు కిందికి దిగింది. ఆ బెలూన్ సంకేతాలు పట్టడానికి అమెరికాలోని హోమ్‌డెల్‌లో కట్టిన కొమ్ము ఆకారపు యాంటెన్నాలోనే తర్వాత పెన్జియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తలకు ఎటు తిప్పినా పోని ఒక సన్నటి హోరు వినబడింది. విశ్వం పుట్టుక నాటి వేడికి మిగిలిన గుర్తు అది. 1978లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశం ఈ వెలుతురు బరువుకు పెద్ద మూల్యమే చెల్లించింది. 1982 ఏప్రిల్ 10న వెళ్ళిన ఇన్శాట్-1ఏలో వాతావరణ చిత్రాలు తీసే రేడియోమీటర్ ఉంది. దాని పరారుణ సెన్సర్‌ను బాగా చల్లగా ఉంచడానికి ఒక వైపు కేవలం చల్లటి అంతరిక్షమే కనబడాలి. అందుకని సౌరఫలకాన్ని ఒక్క వైపే పెట్టారు. ఒక్క వైపు రెక్క ఉంటే సూర్యకాంతి దాన్ని నెట్టి ఉపగ్రహాన్ని నెమ్మదిగా తిప్పేస్తుంది. సరితూకం కోసం రెండో వైపు పొడవాటి కమ్మీ చివర ఒక తెరచాప అమర్చారు. కక్ష్యలో ఆ తెరచాప విచ్చుకోలేదు. పక్కకు తిప్పే ఆ తోపును చిన్న జెట్లతో నిరంతరం సరిదిద్దాల్సి వచ్చింది. ఇతర ఇబ్బందులూ తోడై, ఏడేళ్ళు పనిచేయాల్సిన ఉపగ్రహం సెప్టెంబరు 6న ఇంధనం అయిపోయి చేజారింది. మరుసటి ఏడాది చాలెంజర్ షటిల్ నుంచి వదిలిన ఇన్శాట్-1బి కూడా మొదట్లో ఫలకం విచ్చుకోక కర్ణాటకలోని హాసన్ ఉపగ్రహ నియంత్రణ కేంద్రంలోని వాళ్ళను వారాలపాటు కంగారుపెట్టింది. చివరికి గట్టెక్కింది. దేశమంతటా టీవీ విస్తరించింది దాని పుణ్యమే.

భూమి నడుము చేసే ఉచిత సేవ

భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. మధ్యరేఖ వ్యాసార్ధం ధ్రువాల వ్యాసార్ధం కన్నా 21 కి.మీ. ఎక్కువ. ఈ ఉబ్బు లాగుడుకు ఏటవాలు కక్ష్యాతలం, అంటే కక్ష్య పరుచుకున్న పలక లాంటి తలం, నెమ్మదిగా తిరుగుతుంది. ఇది ఎంత విలువైన సేవో తెలియాలంటే అదే పని రాకెట్‌తో చేయించి చూడాలి. 800 కి.మీ. ఎత్తులో కక్ష్యాతలాన్ని ఒక్క డిగ్రీ తిప్పాలంటే సెకనుకు 130 మీటర్ల వేగానికి సరిపడా ఇంధనం కావాలి. ఉబ్బు మాత్రం ఆ పనిని ఉచితంగా, ఏళ్ళ తరబడి చేసిపెడుతుంది.

భూమి ఏడాదిలో సూర్యుడి చుట్టూ 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే రోజుకు 0.9856 డిగ్రీలు. కక్ష్యాతలం కూడా రోజుకు సరిగ్గా అంతే తూర్పుకు తిరిగితే ఉపగ్రహం ప్రతి ఊరి మీదుగా ఎప్పుడూ ఒకే స్థానిక సమయానికి వెళ్తుంది. 800 కి.మీ. ఎత్తుకు అది కుదరాలంటే కక్ష్య వాలు 98.6 డిగ్రీలుండాలి, 500 కి.మీ. అయితే 97.4. ఇదే సూర్యానువర్తన కక్ష్య. 1988 మార్చి 17న వెళ్ళిన, నేలను చిత్రీకరించే మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ, 904 కి.మీ. ఎత్తులో, ఉదయం పదిన్నర ప్రాంతంలో భూమధ్యరేఖను దాటేది. నీడల పొడవు మారకపోతేనే ఈ నెల చిత్రాన్నీ పోయిన ఏడాది చిత్రాన్నీ పోల్చి, మారింది పంటా, వెలుతురా అని తేల్చగలం. హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్ కేంద్రానికి దిగే చిత్రాలతో వరి విస్తీర్ణం, చెరువుల నీరు అంచనా వేయగలగడం వెనుక ఈ క్రమశిక్షణ ఉంది. వాలు 0.1 డిగ్రీ తప్పితే దాటే సమయం ఏడాదికి 16 నిమిషాల చొప్పున జారిపోతుంది. అందుకే ఇంధనంలో కొంత భాగం వాలును దిద్దడానికే దాచుకుంటారు.

ఈ కక్ష్యకు శ్రీహరికోట నుంచి దారి తిన్నగా లేదు. అక్కడి నుంచి దక్షిణంగా ఎగిరితే రాకెట్ శ్రీలంక మీదుగా పోవాల్సి వస్తుంది. అందుకే పీఎస్ఎల్‌వీని మొదట ఆగ్నేయ దిశగా ఎగరేసి, సముద్రం మీదికి వచ్చాక దారి మళ్ళిస్తారు. వేగం ఎంత తక్కువున్నప్పుడు మళ్ళిస్తే అంత చవక కాబట్టి వీలైనంత ముందే మళ్ళించాలి, కానీ ఖాళీ దశలు జనం మీద పడకూడదు. ఈ రెండింటి మధ్య రాజీ కుదుర్చుకోవడంలో మోయగల బరువు కొంత తగ్గుతుంది. పీఎస్ఎల్‌వీకి ఈ నష్టం భరించదగ్గది. ఎస్ఎస్ఎల్‌వీ లాంటి చిన్న రాకెట్‌కు నడ్డి విరుగుతుంది. తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రం కడుతున్నది ఇందుకే. అక్కడి నుంచి దక్షిణంగా సముద్రమే.

నిలిచినట్టు కనబడేవి నిలిచి లేవు

35,786 కి.మీ. ఎత్తులో ఉపగ్రహం 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది, భూమి కూడా అంతే సమయంలో తన చుట్టూ తాను తిరుగుతుంది. భూమధ్యరేఖ మీది ఈ కక్ష్యే భూస్థిర కక్ష్య; అక్కడి ఉపగ్రహం నేల నుంచి నిలిచినట్టే కనబడుతుంది. కాబట్టి మన డాబా మీది డిష్‌ను ఒక్కసారి బిగిస్తే చాలు. ఈ సుఖం మనకు దక్కడానికి అవతల ఏళ్ళ తరబడి యాతన ఉంది.

భూమధ్యరేఖ కూడా కచ్చితమైన వృత్తం కాదు, కొంచెం సాగి ఉంటుంది. ఆ సాగిన భాగం ఉపగ్రహాన్ని తూర్పుకు, అంటే అది పోయే దిశలోనే లాగిందనుకోండి. అది శక్తి పుంజుకుని పైకి లేస్తుంది. పైకి లేస్తే నెమ్మదిస్తుంది. నేల నుంచి చూస్తే పడమటికి జారుతుంది. ఇలా పోగా పోగా భూస్థిర కక్ష్యలో రెండు చోట్ల మాత్రమే వస్తువు నిలకడగా ఉండగలదు: 75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఒకటి, 105 డిగ్రీల పశ్చిమం దగ్గర ఒకటి. అదుపు తప్పిన ఉపగ్రహాలు పళ్ళెంలో గోలీల్లా ఈ బిందువులకు అటూ ఇటూ ఏళ్ళ తరబడి ఊగుతుంటాయి. 75 డిగ్రీల తూర్పు అంటే భారతదేశానికి సరిగ్గా దక్షిణం. మన ఉపగ్రహాల్లో 74 డిగ్రీల దగ్గర నిలిపినవాటికి అటూ ఇటూ జరగకుండా ఉండటానికి దాదాపు ఇంధనమే అక్కర్లేదు. కానీ ఇతర దేశాల మృత ఉపగ్రహాలు ఊగుతూ వచ్చేదీ ఈ దారినే, కాబట్టి కాపలా తప్పదు.

2010 ఏప్రిల్‌లో గెలాక్సీ-15 అనే ఉపగ్రహం కింది ఆదేశాలకు స్పందించడం మానేసింది, ప్రసారం మాత్రం ఆపలేదు. తూర్పుకు కొట్టుకుపోతూ పక్క ఉపగ్రహాల సంకేతాల్లోకి తన సంకేతాలు కలిపేస్తూ వెళ్ళింది. ఒక్కో ఉపగ్రహం వాళ్ళూ దాన్ని తప్పించుకుంటూ నెలలు గడిపారు. సౌరఫలకాలు సూర్యుడివైపు గురి కోల్పోయి బ్యాటరీ ఖాళీ అయ్యాక, డిసెంబరులో అది తనంతట తానే రీబూట్ అయి మాట వినడం మొదలుపెట్టింది.

అన్నిటికన్నా ఖరీదైన శత్రువులు మాత్రం సూర్యచంద్రులే. వాళ్ళ లాగుడుకు భూస్థిర కక్ష్య ఏడాదికి 0.75 నుంచి 0.95 డిగ్రీల దాకా వాలిపోతుంది. వాలిన ఉపగ్రహం ఆకాశంలో రోజూ 8 అంకె గీస్తుంది, స్థిరంగా బిగించిన డిష్‌కు సిగ్నల్ తప్పుతుంది. దీన్ని దిద్దడానికి ఏటా సెకనుకు 50 మీటర్ల దాకా వేగం మార్పు కావాలి. 2 టన్నుల ఉపగ్రహానికి మామూలు రసాయన ఇంధనంతో అది ఏడాదికి సుమారు 35 కిలోలు, పదిహేనేళ్ళకు అర టన్ను పైమాటే. భూస్థిర ఉపగ్రహానికి వయసు అయిపోయిందంటే సాధారణంగా దాని ఎలక్ట్రానిక్స్ చచ్చాయని కాదు, ఈ ఇంధనం అయిపోయిందని. 2017లో ఇస్రో పంపిన జీశాట్-9లో జినాన్ వాయువుతో పనిచేసే విద్యుత్ థ్రస్టర్లు పెట్టడానికి కారణం ఇదే. అదే పనికి కావాల్సిన ఇంధనం బరువు కొన్ని రెట్లు తగ్గుతుంది.

దించడం ఎలా

భూస్థిర కక్ష్య నుంచి ఉపగ్రహాన్ని కిందికి దించి కాల్చేయడం ఇంధనం దృష్ట్యా అసాధ్యమైన కోరిక. అందుకే 300 కి.మీ. పైకి నెట్టి వదిలేస్తారు. దానికి సెకనుకు 11 మీటర్ల మార్పు చాలు, సుమారు మూడు నెలల ఇంధనం. ఇబ్బంది ఏమంటే ట్యాంకులో ఎంత మిగిలిందో కచ్చితంగా కొలవడం కష్టం. భారరహిత స్థితిలో ద్రవం అడుగున నిలవదు కాబట్టి మట్టం చూసే మార్గం లేదు. ప్రతి తోపులో ఎంత ఖర్చయిందో లెక్క రాసుకుంటూ, పీడనం, ఉష్ణోగ్రతల నుంచి అంచనా కట్టాలి. కొద్ది కిలోల పొరపాటు పడితే ఉపగ్రహం రద్దీ దారిలోనే చచ్చిపడి ఉంటుంది.

మిగిలిన ఇంధనాన్ని అలాగే వదిలేయడమూ ప్రమాదమే. 2001 డిసెంబరులో పీఎస్ఎల్‌వీ-సీ3 నాలుగో దశ, పని ముగిసి రెండు నెలలయ్యాక, కక్ష్యలో పేలి 300కు పైగా ముక్కలైంది. ఆ తర్వాతి ప్రయోగాల నుంచి పని అయిపోగానే మిగిలిన ఇంధనాన్నీ పీడనాన్నీ బయటికి వదిలేయడం ఇస్రోలో అలవాటైంది.

కింది కక్ష్యల్లో రెండు దారులున్నాయి. 2007లో వెళ్ళిన కార్టోశాట్-2, 635 కి.మీ. ఎత్తులో ఉండేది. వదిలేస్తే పడటానికి సుమారు 30 ఏళ్ళు పట్టేది. మిగిలిన కాస్త ఇంధనంతో భూసమీప బిందువును 380 కి.మీ. దాకా దించి, మిగతా పనిని గాలికి అప్పగించారు. 2024 ఫిబ్రవరి 14న అది హిందూ మహాసముద్రం మీద కాలిపోయింది. ఇది చవకైన దారి, కాకపోతే పడే చోటు మన చేతుల్లో ఉండదు.

ఇండియా, ఫ్రాన్స్ కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్‌కు రెండో దారి ఎంచుకున్నారు. సుమారు 1,000 కిలోల ఉపగ్రహం, 867 కి.మీ. ఎత్తు, 20 డిగ్రీల వాలు. వదిలేస్తే వందేళ్ళకు పైగా అక్కడే ఉండేది, ట్యాంకుల్లో 125 కిలోల ఇంధనంతో. దాన్ని ఎంచుకున్న చోట పడేయడానికి వీలుగా ఎవరూ డిజైన్ చేయలేదు. పెద్ద ఇంజిన్ లేదు, 11 న్యూటన్ల చిన్న థ్రస్టర్లే ఉన్నాయి. నాలుగూ కలిపి వెలిగించినా 20 నిమిషాలకు సెకనుకు 50 మీటర్ల పైచిలుకు మార్పే వస్తుంది. భూసమీప బిందువును మెల్లగా మరీ కిందికి తెస్తే అక్కడి గాలి ఉపగ్రహాన్ని పక్కకు తిప్పేస్తుంది, థ్రస్టర్ల గురి తప్పుతుంది. మరీ పైన ఆపితే చివరి తోపులకు అంత బలం చాలదు. 2022 ఆగస్టు నుంచి 20 సార్లు కొద్దికొద్దిగా దించుతూ, సుమారు 120 కిలోల ఇంధనం ఖర్చుపెట్టారు. 2023 మార్చి 7న చివరి రెండు తోపులు ఒక్కోటి 20 నిమిషాల పాటు సాగాయి. వాటితో భూసమీప బిందువు 80 కి.మీ. కన్నా కిందికి వచ్చింది. అంత చిక్కటి గాలిలోకి దిగిన ఉపగ్రహం మళ్ళీ పైకి లేవదు. ముందే గుర్తించి పెట్టుకున్న జనసంచారం లేని పసిఫిక్ ప్రాంతం మీదే అది ముక్కలై కాలిపోయింది.